మడి కట్టుకున్న కంప్యూటర్

మా అత్తకు ఇంగ్లీషులో అక్షరం ముక్క రాదు. అయినా మూడేళ్ళపాటు మా ఇంటి కంప్యూటర్‌కు అడ్మినిస్ట్రేటర్ ఆమే. ఈ సంగతి ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు. నవ్వుకోనీ. ఆ మూడేళ్ళలో మా కంప్యూటర్‌ను ఒక్కసారి కూడా ఫార్మాట్ చేయించలేదు. అప్పట్లో డోన్‌లో ఆ మాట చెప్పగలిగిన ఇల్లు ఇంకొకటి ఉంటే చూపించమని నేను ఇప్పటికీ పందెం కాస్తాను.

నాది కడప. డిగ్రీలో కంప్యూటర్లు చదివి, ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ఏడాదిపాటు తెలుగు టైపింగు, పేజీలు పెట్టడం నేర్పాను. పెళ్ళయి డోన్ వచ్చాక చేయడానికి ఇంటి పని తప్ప ఇంకేమీ లేకపోయింది. మా మామకు స్టేషన్‌కు పోయే దారిలో ఇనుము, సిమెంటు అంగడి ఉండేది. బిల్లులకని అంగట్లో ఒక కంప్యూటర్ పెట్టించాడు. సిమెంటు దుమ్ముకు అది నెల తిరక్కుండానే రొప్పడం మొదలుపెట్టింది. దాన్ని ఇంటికి తెచ్చి నడవలో కుట్టుమిషను పక్కన పెట్టారు. మామ బిల్లులు మళ్ళీ కార్బన్ పేపరు మీదికే వెళ్ళిపోయాయి. ఆ కంప్యూటర్ మా ఇంటికి వచ్చిన రోజు నాకు పుట్టింటి మనిషి వచ్చినట్టయింది.

ఆరు నెలల్లో నాకొక పని దొరికింది. ఊళ్ళో ప్రైవేటు స్కూళ్ళకు పరీక్షల ప్రశ్నపత్రాలు టైపు చేసి పెట్టడం. బస్టాండు దగ్గర డీటీపీ సెంటర్లు ఉన్నాయి గానీ అక్కడ టైపు చేసే పత్రాలు పరీక్షకు ముందే పిల్లల చేతుల్లోకి పోతాయని మాస్టర్లకు భయం. ఇంట్లో కూర్చుని చేసే కోడలి దగ్గరైతే గుట్టు బయటికి పోదని మూడు స్కూళ్ళు నా దగ్గరికి వచ్చాయి. ఆ ఇంట్లో నాదంటూ ఉన్నది ఆ పనొక్కటే. తెలుగు, సాంఘికం, ఖాళీలు పూరించుము, జతపరచుము. ఒక్కో పేజీ ప్రింటు తీసి చూసుకుంటే నాకు కడుపు నిండిపోయేది.

ఆ డిసెంబరులో పుట్టి మునిగింది.

అర్ధసంవత్సర పరీక్షలకు రెండు రోజుల ముందు కంప్యూటర్ తిరగబడింది. ఏ ఫోల్డరు మీద నొక్కినా లోపల అదే ఫోల్డరు ఇంకొకటి కనిపిస్తుంది. నా ఫైళ్ళు తెరిస్తే పెట్టెలు, గీతలు. ఏం నడుస్తోందో చూద్దామని టాస్క్ మేనేజర్ నొక్కితే, దాన్ని మీ అడ్మినిస్ట్రేటర్ ఆపేశారు అని ఇంగ్లీషులో ఒక చీటీ వచ్చింది. అది చదివి వినిపించాను. మా ఇంట్లో అసలు గొడవ అప్పుడు మొదలైంది.

ఎందుకంటే మా ఇంట్లో అత్త తప్ప మిగతా నలుగురమూ అడ్మినిస్ట్రేటర్లమే. కంప్యూటర్ బిగించి ఇచ్చినాయన మా అందరి పేర్లూ అడిగి అకౌంట్లు పెట్టాడు. మామ, మా ఆయన, కర్నూలులో ఇంజనీరింగు చదివే మరిది, నేను. ఎవరికీ పాస్‌వర్డు లేదు, ఎవరికీ హద్దు లేదు. ఆపింది నువ్వా అంటే నువ్వా అని అందరూ ఒకరి మీద ఒకరు పడ్డారు. మామకు నా మీద అనుమానం, నాకు మరిది మీద, మరిదికి మా ఆయన మీద. మా ఆయన పాపం సిమెంటు లోడ్ల వెంట తిరిగే మనిషి, మౌసు ముట్టి రెండు నెలలయింది. ఆ చీటీ రాసింది వైరస్ అని, అది మాలో ఎవరి పెత్తనాన్నో అరువు తీసుకుని మమ్మల్నే ఆపిందని, ఆ రోజు మాలో ఎవరికీ తట్టలేదు.

మెకానిక్ వచ్చి అంతా తుడిచేసి మళ్ళీ ఎక్కించాడు. ప్రశ్నపత్రాలు గాలికి పోయాయి. బ్యాకప్ అనే మాటను కడపలో పిల్లలకు బోర్డు మీద రాసి మరీ చెప్పేదాన్ని. నేను మాత్రం చేసుకోలేదు. ఆ తప్పు నాదే, అందులో మొహమాటం లేదు.

ఒక స్కూలు కరస్పాండెంటు నేరుగా అంగడికి వెళ్ళాడు. సిమెంటు కోసం వచ్చిన జనం ముందు నిలబడి, మీ కోడలి పుణ్యమా అని ప్రశ్నలు నల్లబల్ల మీద రాసి పరీక్ష పెట్టుకున్నామని, చేతగాని పని నెత్తికెందుకు ఎత్తుకోవాలని గట్టిగా అడిగాడట. మధ్యాహ్నం మామ ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతూ, నా మొహం చూడకుండా అన్నాడు.

"ఇంకొక్కసారి ఇట్లయితే ఈ డబ్బా గోడౌన్‌కు పోతాది. బయటి పని మళ్ళ మన గడప తొక్కకూడదు."

ఆయన తిట్టి ఉంటే నేను పోట్లాడేదాన్ని. నా నోరు తక్కువదేం కాదు. ఆ మెల్లని మాటకు మాత్రం వంటింట్లోకి పోయి ఏడ్చాను. అవమానం కన్నా ఎక్కువగా, ఉన్న ఒక్క పనీ పోతుందేమోనన్న భయం.

మరునాడు కడపలో నాకు పాఠం చెప్పిన సారుకు ఫోన్ చేశాను. సంగతంతా విని ఆయన ఒకటే ప్రశ్న అడిగాడు. మీ ఇంట్లో అడ్మినిస్ట్రేటర్లు ఎంతమందమ్మా అని. నలుగురు సార్ అన్నాను. ఆయన చాలాసేపు నవ్వాడు. తర్వాత పావుగంట పాఠం చెప్పాడు. రోజువారీ పనికి అడ్మినిస్ట్రేటర్‌గా కూర్చోకూడదు. ఆ అకౌంటులో ఉండి నువ్వు ఏం నొక్కినా దానికి నీ అధికారమంతా వచ్చేస్తుంది. అదే లిమిటెడ్ అకౌంటులో కూర్చుంటే, దొంగ ఫైలు నొక్కినా దాని చేతులు కూడా అంతవరకే సాగుతాయి, పక్కవాళ్ళ ఫైళ్ళ దాకా చేరవు. అడ్మినిస్ట్రేటర్ ఒకటే పెట్టుకో, కొత్తది ఎక్కించేటప్పుడు మాత్రమే అందులోకి పో, పని అవగానే బయటికి రా అన్నాడు.

సంక్రాంతి సెలవుల్లో కూర్చుని అంతా మార్చేశాను. అందరికీ కొత్త అకౌంట్లు, ఒక్కొక్కరికి ఒక్కో బొమ్మ. మామకు గుర్రాలు, మరిదికి మోటారుసైకిలు, మా ఆయనకు కారు, నాకు చేప. అడ్మినిస్ట్రేటర్ మాత్రం ఒకటే. దానికి ఎర్రపువ్వు బొమ్మ పెట్టి, పాస్‌వర్డు నా దగ్గరే ఉంచుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ మురిపెం మామ అకౌంట్ల పేజీ తెరిచేదాకానే. గుర్రాల పక్కన ఆయన పేరు, దాని కింద లిమిటెడ్ అకౌంట్ అని ఉంది. మామకు ఇంగ్లీషు బిల్లుల వరకే వచ్చు గానీ ఆ ఒక్క మాట మాత్రం బాగా తెలుసు. స్టేషన్ ఎదురుగా ఉన్న హోటల్లో రెండు బోర్డులు వేలాడేవి. ఒకటి ఫుల్ మీల్స్, ఇంకొకటి లిమిటెడ్ మీల్స్. లిమిటెడ్ అంటే ఒకసారి పెట్టిందే అన్నం, మారు అడగకూడదు. లోడు దింపే కూలీలకు కూడా మామ ఎప్పుడూ ఫుల్ మీల్సే పెట్టించేవాడు. అలాంటి మనిషికి సొంత ఇంట్లో, కోడలి చేతుల మీదుగా లిమిటెడ్ బోర్డు పడింది.

ఆ మధ్యాహ్నం అత్త రెండోసారి అన్నం వడ్డించబోతే ఆయన పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"చాల్లే. నేను లిమిటెడ్ కదా."

సాయంత్రం కూడా అంతే. మరుసటి రోజు పెరుగన్నం దాకా రాకుండానే లేచిపోయాడు. మూడో రోజు అత్త నన్ను వంటింట్లో నిలదీసింది. ఏం చేసినావు నా మొగుణ్ణి, మనిషి సగమైపోతాండాడు అని. ఆమెకు ఎలా చెప్పాలో తెలియలేదు.

ఇక్కడ మా అత్త మడి గురించి చెప్పాలి. మడి అంటే నాకు కాపురానికి వచ్చిన మొదటి నెల నుంచీ ఒళ్ళుమంట. స్నానం చేసి, ఎవరూ తాకని చీర కట్టుకుని, వంట అయ్యేదాకా ఆమె ఎవరినీ దగ్గరికి రానీదు. దండెం మీద ఆరేసిన మడి చీరకు నా కొంగు తగిలితే దాన్ని మళ్ళీ తడపాల్సిందే. నాలుగు రోజులకోసారి కొళాయి వచ్చే ఊళ్ళో అది చూస్తే నా కడుపు మండేది. రెండుసార్లు ఆ విషయంలో పోట్లాడుకున్నాం కూడా. మనుషుల్ని దూరం పెట్టే మడి మీద నాకు ఇప్పటికీ కోపమే. కానీ మా అత్త మడి ఎక్కువగా ఊరగాయ జాడీల చుట్టూ తిరిగేది. చీకటి గదిలో మూతికి గుడ్డలు కట్టిన పెద్ద జాడీలు నాలుగు. వారానికోసారి మడితో వెళ్ళి, పొడి గరిటెతో వారానికి సరిపడా తీసి చిన్న జాడీలో పెట్టేది. మేమంతా తినేది ఆ చిన్న జాడీలోదే. పెద్ద జాడీ గుడ్డ విప్పే హక్కు ఇంట్లో ఇంకెవరికీ లేదు.

ఆ రోజు కూడా ఆమె చిన్న జాడీ నింపుతోంది. నేను గుమ్మం బయట నిలబడి, సారు చెప్పిందంతా తెలుగులో చెప్పుకొచ్చాను. అన్నిటికీ చెయ్యి పెట్టగలిగే అకౌంటు ఒకటుంటుందని, దాన్ని రోజూ వాడితే అంతా పాడవుతుందని, అందుకే మిగతా అందరికీ హద్దు పెట్టానని. ఆమె గరిటె దించకుండానే విన్నది. గుడ్డ మళ్ళీ బిగించి కట్టి, చిన్న జాడీ చేత్తో పట్టుకుని నేరుగా నడవలోకి పోయింది. మామ పేపరు చదువుకుంటున్నాడు.

"ముప్పై ఏండ్లాయ మీరు ఈ ఇంట్లో ఊరగాయ తినబట్టి. ఒక్కనాడన్నా పెద్ద జాడీలో చెయ్యి పెట్టినారా?" అని అడిగింది.

మామ లేదన్నాడు.

"మీకేమన్నా ఊరగాయ తక్కువాయనా? మీ పెద్దరికం యాడికన్నా పాయనా? ఈ పాప చెప్పేదీ అదే. పెద్ద జాడీ కాడికి మడిలో ఉండేవాళ్ళు ఒకరే పోవాల. మిగిలినోళ్ళందరం చిన్న జాడీలో తినాల. చిన్నదానికి బూజు పడితే కడిగి పెట్టుకుంటాం. పెద్దదానికి పడితే ఏడాది తిండి పాయె."

సారు ఫోనులో పావుగంట చెప్పింది ఆమె నాలుగు ముక్కల్లో తేల్చేసింది. నేను కంప్యూటర్లు చదివిన మనిషిని, ఆమె చదివింది ఐదో తరగతి. మామ పేపరు మడిచి పక్కన పెట్టాడు. నా వైపు తిరిగాడు.

"అట్లయితే ఆ మడి ఎవరు కట్టుకుంటారమ్మా?"

ఆ ప్రశ్నతో నా తెలివితక్కువతనం నాకు కనబడింది. పాస్‌వర్డు నా దగ్గర ఉంటే, మామకు హద్దు గీసింది నిన్న మొన్న వచ్చిన కోడలు అవుతుంది. మామ దగ్గర ఉంటే ఆయన రోజూ అందులోనే కూర్చుంటాడు. మరిది సంగతి చెప్పనే అక్కర్లేదు. నా మీద కూడా నాకు పెద్ద నమ్మకం లేదు. పని తొందరలో ఉంటే ఎర్రపువ్వు మీద నొక్కి కూర్చునే రకాన్నే నేను. చేతిలో జాడీతో అత్త నిలబడి ఉంది. ఆమె పెత్తనానికి ఈ ఇంట్లో ముప్పై ఏళ్ళుగా ఎవరూ ఎదురు చెప్పలేదు.

అత్త కట్టుకుంటుంది మామా అన్నాను. మామ మొహం విప్పారింది. ఆ మధ్యాహ్నం ఆయన మారు వడ్డించుకుని పెరుగన్నం తిన్నాడు.

ఇక పాస్‌వర్డు పెట్టాలి. అత్త కీబోర్డు ముందు కూర్చుని దాన్ని చాలాసేపు చూసింది. అక్షరాలు ఆమెకు తెలియవు. కానీ వరుసలు వరుసలుగా, ఒకదానికొకటి కాస్త పక్కకు జరిగి ఉన్న ఆ మీటలు ఆమెకు తెలిసినవే. చుక్కలు.

"దీంట్లో ముగ్గు మాదిరి ఏసుకోవచ్చునా?" అని అడిగింది.

వేసుకోమన్నాను. నన్ను గోడ వైపు తిరగమంది. తిరిగాను. చూపుడు వేలితో ఒక్కో చుక్క నొక్కుకుంటూ పోయింది, నాకు టక్కు టక్కుమని చప్పుడు మాత్రమే వినిపించింది. కింద ఇంకో ఖాళీ గడి ఉండాదే అని అత్త అడిగితే, సరిచూసుకోడానికి మళ్ళీ వేయమంటుందత్తా అన్నాను. రెండోసారి కూడా తడుముకోకుండా వేసింది. కంప్యూటర్ ఒప్పుకుంది. కాగితం మీద రాసి పెట్టుకోండి అంటే నన్ను వింతగా చూసింది. ముగ్గును ఎవరన్నా కాగితం మీద రాసుకుంటారా అంది. ఆ ముగ్గు ఏమిటో ఈ రోజుకీ నాకు తెలియదు.

మొదటి నెల మాత్రం నా తల ప్రాణం తోకకు వచ్చింది. నేను పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్ లిమిటెడ్ అకౌంటులో తెరుచుకోనంది. కడప సారు ఫోనులో దారి చెబితే, అత్త ముగ్గు వేసి లోపలికి పంపించాక, దాని ఫోల్డరు ఒక్కదాంట్లో మాత్రం నా అకౌంటుకు రాసే వీలు ఇచ్చాను. మామకు గడియారం పది నిమిషాలు ముందుకు పెట్టుకోవడం అలవాటు, అంగట్లోనూ అంతే. లిమిటెడ్‌లో గడియారం ముట్టుకోనివ్వదు. ఆయన కోసం అత్త ముగ్గు వేసి, నా చేత పది నిమిషాలు జరిపించింది.

మరిది శనివారం శనివారం కర్నూలు నుంచి సీడీల నిండా ఆటలు తెచ్చేవాడు. అవి ఎక్కాలంటే ఎర్రపువ్వు కావాలి. వాళ్ళమ్మ చుట్టూ తిరిగి గడ్డం పట్టుకుని బతిమాలేవాడు. అత్త తొణకలేదు. మూడు ప్రశ్నలు పెట్టుకుంది. ఏంది ఇది, యాడనుంచి వచ్చింది, ఎందుకు. మూడింటికీ సరైన జవాబు వస్తేనే ముగ్గు. స్నేహితుడి స్నేహితుడు ఇచ్చాడంటే రెండో ప్రశ్న దగ్గరే ఆట అయిపోయేది. పని అయ్యాక నేను లేవబోతే గుర్తు చేసేది, మడి విడిచినావా అని. అంటే లాగాఫ్ చేశావా అని అర్థం. ఆ మాట మా ఇంట్లో ఎంత స్థిరపడిందంటే మా ఆయన కూడా అదే అనేవాడు.

మార్చి వచ్చింది. వార్షిక పరీక్షలు. డిసెంబరులో దెబ్బతిన్న మూడు స్కూళ్ళలో రెండు, పోనీలే పాపం అని మళ్ళీ నాకే ఇచ్చాయి. అంగడికి వచ్చి అరిచిన కరస్పాండెంటు మాత్రం బస్టాండు దగ్గరి సెంటరుకు వెళ్ళిపోయాడు. ఈసారి కూడా పోతే నా పని ముగిసినట్టే. గోడౌన్‌లో ఇనుప మేకుల సంచుల పక్కన నా కంప్యూటర్ ఎక్కడ కూర్చుంటుందో కూడా నేను ఊహించుకున్నాను. రెండు స్కూళ్ళ పత్రాలూ టైపు చేసి, దిద్ది, నా చేప బొమ్మ అకౌంటులో పెట్టుకున్నాను. సీడీలోకి కాపీ చేయడం సోమవారం అనుకున్నాను. బుద్ధి ఎప్పటికి వస్తుందో నాకు.

ఆదివారం మధ్యాహ్నం నేను నిద్రపోతున్నాను. బంధువుల ఇంట్లో నిశ్చితార్థం ఫోటోలని ఎవరో ఇచ్చిన పెన్‌డ్రైవు మామ తెచ్చుకున్నాడు. తన గుర్రాలు నొక్కి లోపలికి పోయి, దాన్ని గుచ్చి, ఫోటోలు అని పేరున్న ఫోల్డరు నొక్కాడు. అది ఫోల్డరు కాదు. ఫోల్డరు బొమ్మ తగిలించుకున్న దొంగ. తెరుచుకోకపోతే మళ్ళీ నొక్కాడు. మూడోసారి కూడా నొక్కాడు. తెర నిండా కిటికీలు పుట్టుకొచ్చాయి, ఒకటి మూస్తే రెండు. వాటి మధ్యలో ఒక చీటీ. అనుమతి లేదు, మీ అడ్మినిస్ట్రేటర్‌ను కలవండి అని. మామ దాన్ని కూడబలుక్కుని చదివాడు. చదివి, మేడ మీద ఊరమిరపకాయలు ఎండబెడుతున్న అత్త దగ్గరికి మెట్లెక్కి పోయాడు.

"కంప్యూటర్ నిన్ను కలవమంటాంది."

అత్త మేడ మీది నుంచి నన్ను పిలిచిన పిలుపుకు నేను లేచి పరిగెత్తాను. తెర చూడగానే పోల్చుకున్నాను. డిసెంబరులో చూసిన దొంగ మొహమే ఇది. మామ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఈసారి నొక్కింది తనేనని ఆయనకు తెలుసు, నాకు తెలుసు. ఎవరమూ ఆ మాట అనలేదు. పెన్‌డ్రైవు పీకి, కంప్యూటర్ ఆపి, మళ్ళీ వేశాను.

చేప బొమ్మ నొక్కాను.

అన్నీ ఉన్నాయి. తెలుగు, సాంఘికం, సైన్సు, ఒక్కో పత్రం తెరిచాను. ఒక్క పొల్లు చెదరలేదు. టాస్క్ మేనేజర్ నొక్కితే బుద్ధిగా తెరుచుకుంది. దొంగ ఇంట్లోకి వచ్చింది నిజమే, కానీ మామ గది దాటలేకపోయింది. మామ నొక్కిన మూడు నొక్కులకూ దానికి మామకున్నంత అధికారమే దొరికింది. మామకున్నది లిమిటెడ్.

చిన్న జాడీకే బూజు పట్టిందత్తా అన్నాను. అత్త నవ్వలేదు. చేతులకున్న ఉప్పు కడుక్కుని వచ్చి కూర్చుని ముగ్గు వేసింది. మామ అకౌంటును తీసేసి, కొత్తది పెట్టి, మళ్ళీ గుర్రాల బొమ్మే తగిలించాను. పావుగంట పట్టింది. లేస్తుంటే అత్త అడిగింది, మడి విడిచినావా అని. విడిచానన్నాను. ఆ వెంటనే సీడీ కూడా తీశాను, సోమవారం దాకా ఆగకుండా. అప్పుడు నాకు కలిగిన గర్వాన్ని తక్కువ చేసి చెప్పను. పెళ్ళయిన రోజు కూడా నేను అంత తలెత్తుకుని నిలబడలేదు.

బయటి పెన్‌డ్రైవుల కోసం ఆ రోజే ఇంకొక లిమిటెడ్ అకౌంటు తెరిచి, దానికి వసారా అని పేరు పెట్టాను. వచ్చినవాళ్ళు వసారాలోనే కూర్చోవాలి. మురికైతే కడిగేస్తాం. పెన్‌డ్రైవు ఎవరు తెచ్చినా ముందు అత్త చేతికి ఇవ్వాలని మామే రూలు పెట్టాడు.

మంగళవారానికి ఊరంతా గగ్గోలు. ఆ దొంగ ఫోల్డరు బస్టాండు దగ్గరి సెంటర్లన్నిటినీ చుట్టేసింది. ఒకరి పెన్‌డ్రైవు నుంచి ఇంకొకరి కంప్యూటర్‌లోకి, అక్కడి నుంచి మళ్ళీ ఇంకొక పెన్‌డ్రైవులోకి. పరీక్షలు ఇంకో వారంలో. మెకానిక్‌కు అన్నం తినే తీరిక లేదు. అప్పటికే నా రెండు స్కూళ్ళ పత్రాలు సీడీలో ప్రెస్సుకు చేరి అచ్చవుతున్నాయి. ఆ కబురు ప్రెస్సు నుంచి బయటికి పొక్కింది. బుధవారం ఒక హెడ్మాస్టరు చేతిరాత కాగితాలతో వచ్చాడు. గురువారం ఇంకో ఇద్దరు. నేను కాదనలేదు. పొద్దున ఇంటి పని కానిచ్చి కూర్చుంటే అత్తే నాకు అన్నం కలిపి తెచ్చి పెట్టేది, మడి చీరతోనే, నా కుర్చీ పక్కన నిలబడి.

శుక్రవారం పొద్దున వసారాలో చెప్పుల చప్పుడయింది. డిసెంబరులో అంగడికి వచ్చి అరిచిన కరస్పాండెంటు. చేతిలో పెన్‌డ్రైవు. సగం పత్రాలు ఇందులో ఉన్నాయని, మిగతా సగం సెంటరు కంప్యూటర్‌లో పోయాయని, సోమవారం పరీక్ష అని నేల చూస్తూ చెప్పాడు. మామ అంగడికి బయలుదేరబోతూ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నేను లోపలి నుంచి చూస్తున్నాను. ఏమనాలో మూడు నెలలుగా నేను అద్దం ముందు సాధన చేసుకున్నాను కూడా.

"శెట్టిగారూ, ఇది కాస్త పెట్టి చూడండి. ఉండాయో లేదో తెలిస్తే చాలు" అని ఆయన మామ వైపు పెన్‌డ్రైవు చాచాడు.

మామ చెయ్యి చాపలేదు. ఎంతో హాయిగా, ఊరందరికీ వినిపించాలన్నట్టు చెప్పాడు.

"నాతో కాదప్పా. నేను లిమిటెడ్. మా ఇంట్లో అందరం లిమిటెడ్డే. లోపల మడిలో ఉండాది, ఆమెను అడగాల."

నేను సాధన చేసిన మాటలన్నీ ఎగిరిపోయాయి. వాటి అవసరం లేకపోయింది. కరస్పాండెంటు అయోమయంగా చూస్తూ బెంచీ మీద కూర్చున్నాడు. అత్త పూజ ముగించుకుని వచ్చేదాకా అరగంట అలాగే కూర్చున్నాడు. ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి ఆయన చేతిలో ఉన్నదాన్ని చూసింది. ముట్టుకోలేదు.

"ఏంది అది? యాడనుంచి వచ్చింది? ఎందుకు?"

ఊరి పిల్లలందరికీ ప్రశ్నపత్రాలు పంచే మనిషి లేచి నిలబడ్డాడు. చేతులు కట్టుకుని, ఒక్కొక్కటిగా, మూడింటికీ జవాబు చెప్పాడు.